మచ్చ ఉన్నట్టు రికార్డు

మనిషి ముఖం మనిషి సొంతమన్నది పాతకాలపు అపోహ. ముఖం ఆఫీసుది. ఉద్యోగి దాన్ని సాయంత్రం ఇంటికి తీసుకెళ్లి, కడిగి, మర్నాడు పదింటికల్లా యథాతథంగా తిరిగి తేవాలి. (సెలవు రోజున కడగడం ఐచ్ఛికం.)

ఈ సత్యం నాలుగో కౌంటర్ గుమాస్తాకి ఆలస్యంగా తెలిసింది. పదకొండేళ్లుగా ఆవిడ పని ఒకటే: దరఖాస్తు మీది ఫోటో చూడటం, తెచ్చినవాళ్ల ముఖం చూడటం, తేడా ఉంటే 'సరిపోలలేదు' అని ముద్ర గుద్దడం. ఆ ముద్ర దెబ్బకి ఏడ్చుకుంటూ వెళ్లినవాళ్లకి లెక్క లేదు.

ఆవిడ కుడి చెంప మీద చొక్కా గుండీ అంత ఎండమచ్చ ఉండేది. అదంటే ఆవిడకి ఒళ్లుమంట. అందుకే కాంతి చికిత్సకి చేరింది. మూడు వారాలకోసారి కళ్లకి నల్లద్దాలు, చెంపకి చల్లటి జెల్లు, ఆపైన రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్ చురుక్.

"ఒక్కసారికే పోదక్కా, ఎనిమిది సిట్టింగులు పడుతుంది. ఎండలో తిరక్కు," అంది క్లినిక్ అమ్మాయి.

నిజంగానే మచ్చ మెల్లమెల్లగా వెలిసిపోయింది. చెంప నునుపు తేలింది. ఐదో సిట్టింగు మర్నాడు గుమాస్తా మురిసిపోతూ ఆఫీసు గుమ్మంలోని హాజరు యంత్రం ముందు నిలబడింది.

"వ్యక్తి లభ్యం కాలేదు," అంది యంత్రం. తలుపు తెరుచుకోలేదు.

ముఖ మార్పుల పరిశీలనాధికారి గుమ్మం దగ్గరికే వచ్చి రిజిస్టరు తిప్పాడు. "గుర్తింపు చిహ్నం, కుడి చెంపన మచ్చ. ఏదమ్మా?"

"పోయిందండీ."

"ఎవరినడిగి పోయింది?"

ముఖం బాగుపడదలిస్తే ముప్పై రోజుల ముందే తెలపాలట. (పాడైతే తెలపనక్కర్లేదు, అది సహజం.) మార్పు పూర్తయినట్టు క్లినిక్ పత్రం తేవాలట. ఎనిమిదో సిట్టింగు కాందే క్లినిక్ పత్రం ఇవ్వదు. ఆ సిట్టింగు ఇంకో తొమ్మిది వారాలకి గానీ లేదు. ఆ నెలాఖరుకే సీనియర్ గుమాస్తాలయ్యేవాళ్ల జాబితా మూసేస్తారు. కొత్త ముఖం నమోదు కాకపోతే జాబితాలో పేరుండదు.

"అందాకా లోపలికెలా రానండీ?"

"పాత ముఖంతో రండి," అన్నాడాయన, ఎంతో దయగా.

దారి చూపింది అటెండరు బాబాయి. "కనుబొమల పెన్సిలుందిగా అమ్మాయ్? ఓ చుక్క పెట్టేయ్, పీడా పోతుంది!"

పెట్టింది. యంత్రం "నమస్కారం" అంది.

ఇంట్లో అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. "ఇదెక్కడి చోద్యమే తల్లీ! చురకలు పెట్టించుకుని మరీ పోగొట్టుకున్నదాన్ని, పొద్దున్నే నువ్వే దిద్దుకుంటున్నావా?"

తొమ్మిది వారాలు అలాగే గడిచాయి. ఆఫీసుకి మచ్చ, క్లినిక్‌కి చెంప. గుమాస్తాకి ఎంత అలవాటైపోయిందంటే, మచ్చ కొలత కూడా తప్పేది కాదు.

ఎనిమిదో సిట్టింగు అయింది, పత్రం వచ్చింది. జాబితా మూసే రోజు పొద్దున్నే, నిగనిగలాడే చెంపతో దిగిన ఫోటో దరఖాస్తుకి అంటించి ఆవిడ అధికారి దగ్గరికి పరుగెత్తింది.

"నాక్కాదు. నాలుగో కౌంటర్లో ఇవ్వాలి," అన్నాడాయన.

ఆవిడ వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. తన దరఖాస్తు తానే అందుకుంది. ఫోటో చూసింది. కౌంటరు అద్దంలో ముఖం చూసింది. గుమ్మం దాటాలంటే తప్పదు కనక, కుడి చెంప మీద పొద్దున దిద్దిన మచ్చ నల్లగా ఉంది.

"తుడిచేసుకో అమ్మాయ్, ఎవరూ చూడ్డంలేదు," అన్నాడు బాబాయి.

"తుడిస్తే ఈ కుర్చీలో ఉన్నది నేను కాదు బాబాయ్. ఇక దీన్ని తీసుకునేదెవరు?" అంది ఆవిడ. కళ్లలో నీళ్లు తిరిగాయి. పదకొండేళ్ల చెయ్యి మాత్రం ఆగలేదు. 'సరిపోలలేదు' అని గుద్దింది.

కళ్లు తుడుచుకుంది, చెంప తగలకుండా.

"తరవాత ఎవరండీ?" అంది.