పిన్నిగారి గుడ్‌విల్

మొగుడి నోట ఒక్క మంచి మాట వినాలని ఏళ్ళ తరబడి చెవులు రిక్కించుకుని కూర్చున్న ఇల్లాళ్ళందరికీ శుభవార్త! అలగడాలూ, కన్నీళ్ళూ, కౌన్సెలింగులూ ఇక అక్కర్లేదు. మొగుడితో కలిసి ఒక వ్యాపారం నడపండి. అది కాస్త నిలదొక్కుకున్నాక విడాకులకు అప్లై చెయ్యండి. ఆ వ్యాపారానికి విలువ కట్టమని కోర్టువారు అంటారు చూడండీ, ఆ రోజు మీ ఆయన నోట ముత్యాలు రాలతాయి.

నవ్వుతున్నారా? కర్టెన్ పిన్ని కూడా మొదట్లో నమ్మలేదు.

బజారంతా ఆవిడను పిన్ని అనీ, ఆవిడ భర్తను బాబాయ్ అనీ పిలుస్తుంది. వాళ్ళది కర్టెన్ల షాపు. పెళ్ళయిన కొత్తలో మెట్ల కింద ఒక కుట్టుమిషన్‌తో మొదలై, ఇప్పుడు అద్దాల తలుపులు, ఏసీ, గోడ పొడవునా వేలాడే గుడ్డలతో షోరూమ్ అయి కూర్చుంది. బాబాయ్ కౌంటర్ దగ్గర వచ్చినవాళ్ళను నవ్విస్తాడు. ఇళ్ళకు వెళ్ళి కిటికీలు కొలుస్తాడు. ఆయన కొలత ఎప్పుడూ బెత్తెడు తక్కువ వస్తుంది. ఆ బెత్తెడు కలిపి కత్తిరించమని చెప్పడం పిన్ని వంతు. గుడ్డ ఎంచడం, రంగు కుదర్చడం, బాకీలు రాబట్టడం, టైలర్లు అలిగితే బుజ్జగించడం కూడా ఆవిడ వంతే. అయితే వాటిని పనులనుకోవాలని అప్పటికి ఎవరికీ తట్టలేదు.

మీ మిసెస్ ఏం చేస్తారండీ అని ఎవరైనా అడిగితే బాబాయ్ దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది.

"ఏం చెయ్యదండీ. ఇంట్లో తోచక షాపుకొచ్చి కూర్చుంటుంది."

ఒకరోజు ఆ మాట వినపడ్డప్పుడు పిన్ని నిచ్చెన మీద ఉంది. నోట్లో గుండుసూదులు, భుజాన బండెడు పరదా. మెల్లగా కిందకు దిగింది. సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. చెప్పులేసుకుని లాయరమ్మ దగ్గరికి వెళ్ళింది.

ఇన్నేళ్ళ కాపురం తర్వాత ఇంత చిన్న మాటకా అని అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. అంత చిన్న మాట ఆవిడ ఎన్నిసార్లు వినుంటుందో మాత్రం ఎవరూ అడగలేదు.

షాపు ఇద్దరూ కలిసి పెంచిందే కాబట్టి సగం నీదేనని లాయరమ్మ ధైర్యం చెప్పింది. బాబాయ్ షాపు ఉంచుకుని, పిన్ని సగానికి డబ్బు ఇస్తాడు. అయితే ముందు షాపు ఖరీదెంతో తేలాలి. అది తేల్చడానికి కోర్టు ఒక లెక్కలాయన్ని పంపింది.

ఇక చూడండి విడాకుల మహిమ!

మన షాపు ముందు బ్యాంకులు దిగదుడుపేనని చుట్టాలందరి దగ్గరా కోతలు కోసే బాబాయ్, లెక్కలాయన వచ్చే వేళకు సగం లైట్లు ఆర్పేశాడు. ఏసీ కట్టేశాడు. మోచేతి దగ్గర చిరిగిన చొక్కా ఎక్కడిదో వెతికి తొడుక్కున్నాడు. ఖరీదైన తానులు గోడౌన్‌కు తరలించి, వెలిసిపోయినవి ముందుకు లాగాడు. ఈ రోజుల్లో కర్టెన్లు కొనేదెవరని నిట్టూర్చాడు. జనం అద్దాలకు స్టిక్కర్లు అంటించుకుంటున్నారట. కొందరైతే ఇళ్ళకు కిటికీలు పెట్టుకోవడమే మానేశారట.

పిన్ని మాత్రం తక్కువ తిన్నదా? ఇన్నాళ్ళూ దిక్కుమాలిన షాపని తిట్టిపోసిన మనిషి, ఆరిన లైట్లన్నీ వెలిగించుకుంటూ వచ్చింది. ఈ బజారులో ఇలాంటి షాపు ఇంకోటి లేదంది. ఈయన కౌంటర్లో కూర్చుంటే చాలు, దారిన పోయేవాళ్ళు కూడా లోపలికొచ్చి ఆర్డరిచ్చి పోతారంది. ఆయన ఒక లైటు ఆర్పడం, ఆవిడ వెలిగించడం. లెక్కలాయన ఆ మిణుకు వెలుతురులోనే రాసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఒక హోటల్ మేనేజరు వచ్చి, కొత్తగా కట్టిన హోటల్లో గదులన్నిటికీ కర్టెన్లు కావాలన్నాడు. బాబాయ్ జన్మలో అంత పెద్ద ఆర్డరు ఎరగడు. కాళ్ళు మేనేజరు వైపు పరిగెడుతుంటే, కళ్ళు లెక్కలాయన్ని వదలడం లేదు. చివరికి గొంతు పెగుల్చుకుని, కర్టెన్లకు దుమ్ము పడుతుంది, మీకెందుకండీ ఆ బాధ, అన్నాడు. పిన్ని ఆయన్ను పక్కకు జరిపి, మేనేజరుకు కుర్చీ వేసి, గుడ్డ చూపించి, బేరం కుదిర్చి, అడ్వాన్సు పుచ్చుకుంది. షాపు విలువ అందరి కళ్ళముందే పెరిగిపోయింది. అంత లాభం వచ్చిన రోజున బాబాయ్ అంతలా కుంగిపోవడం టైలర్లు ఎన్నడూ చూడలేదు.

ఆ తర్వాత గుడ్‌విల్ సంగతి వచ్చింది. మిషన్లు, తానులు, రాడ్లు, రింగులు లెక్కెయ్యడం తేలిక. వాటికి మించి, జనం అలవాటుకొద్దీ ఈ షాపు మెట్లే ఎక్కుతారు కదా, ఆ అలవాటుకు ఒక ఖరీదుంటుంది. దాన్ని గుడ్‌విల్ అంటారట. షాపు పేరు చూసి వస్తే అది షాపు ఆస్తి, ఇద్దరూ పంచుకోవచ్చు. ఒక మనిషి ముఖం చూసి వస్తే, ఆ మనిషితో పాటే అదీ వెళ్ళిపోతుంది. ముఖాన్ని సగానికి కోసి పంచడానికి ఏ కోర్టు ఒప్పుకుంటుంది?

ఇక్కడ బాబాయ్ లాయరు బుర్ర మెరుపులా పనిచేసింది. జనమంతా పిన్ని ముఖం చూసే వస్తారని రుజువు చేస్తే, రేపు పిన్ని వెళ్ళిపోగానే షాపు ఖాళీ. ఖాళీ షాపుకు విలువేముంటుంది?

అలా లెక్కలాయన ఆఫీసులో, పొడవాటి బల్లకు అవతల పిన్ని కూర్చుని ఉండగా, బాబాయ్ నోరు విప్పాడు.

"ఆవిడ లేకపోతే షాపే లేదు సార్. నా కొలతలెప్పుడూ తక్కువే. ఆవిడ బెత్తెడు కలపకపోతే, ఊళ్ళో సగం కిటికీలు మోకాళ్ళు కనపడుతూ నిలబడేవి."

మొదలుపెట్టాక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఎండలు ముదరకముందే ఏ గుడ్డ తెప్పించాలో ఆవిడకే తెలుసన్నాడు. మొండి బాకీలవాళ్ళ ఇంటికెళ్ళి, డబ్బు ఊసెత్తకుండా వాళ్ళ పిల్లల చదువుల గురించి అడిగి అడిగి, వాళ్ళే సిగ్గుపడి ఇచ్చేలా చేస్తుందన్నాడు. ఒళ్ళు కాలే జ్వరంతో మిషన్ల మధ్య కూర్చుని ఆస్పత్రివాళ్ళ ఆర్డరు పూర్తి చేయించిందని, ఆ రోజు తను సినిమాకు వెళ్ళాడని కూడా చెప్పేశాడు. ఇక చాలని లాయరు సైగ చేసినా వినలేదు.

ఈయనకు తన పని కనపడక ఏం చెయ్యదంటున్నాడు కాబోలని పిన్ని ఇన్నాళ్ళూ సరిపెట్టుకుంది. అన్నీ కనపడ్డాయన్నమాట. సినిమాతో సహా గుర్తున్నాయన్నమాట.

రిపోర్టు వచ్చింది. పిన్ని చేసే పనంతా చెయ్యాలంటే నలుగురు కావాలని లెక్కలాయన తేల్చాడు. ఒక మేనేజరు, ఒక డిజైనరు, కుట్టుపని చూసేవాళ్ళొకరు, బాకీలకు తిరిగేవాళ్ళొకరు. నలుగురికీ మార్కెట్ రేటున జీతాలు వేశాడు. ఆవిడ కష్టానికి జీవితంలో మొట్టమొదటిసారి ఒక ధర పలికింది. ఇంతకంటే గౌరవం ఇంకేం కావాలండీ?

అయితే ఆవిడ వెళ్ళిపోయాక ఆ నలుగురినీ పెట్టుకోక తప్పదని, ఆ జీతాలను ఏటా వచ్చే లాభంలోంచి తీసేశాడు. లాభం తగ్గింది. లాభం తగ్గేసరికి షాపు విలువ తగ్గింది. షాపు విలువతో పాటు పిన్ని సగమూ తగ్గింది. అంటే, ఆవిడ ఎంత గొడ్డుచాకిరీ చేసిందని రుజువైతే ఆవిడ చేతికొచ్చేది అంత తక్కువ.

పిన్ని ఆ కాగితాలు లాయరమ్మ చేత రెండుసార్లు చదివించుకుని, లెక్కలాయన్ని అడిగింది.

"ఇన్నేళ్ళూ నేను జీతం లేకుండా చేశాను కదా బాబూ, అదెక్కడ రాశారు?"

ఆయన మంచివాడే. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అది అయిపోయిందమ్మా. మేం ఇకముందు అయ్యే ఖర్చే చూస్తాం."

పోట్లాడదామంది లాయరమ్మ. పిన్నికి ఓపిక లేదు. సంతకం పెట్టి, వచ్చిందేదో తీసుకుని చిన్న ఫ్లాట్‌లో చేరింది. పొద్దున్నే లేచి ఎవరి కాఫీ గురించీ ఆలోచించనక్కర్లేకపోవడం కొన్నాళ్ళు వింతగా ఉండి, ఆ తర్వాత బాగుంది.

బాబాయ్ రిపోర్టులో నలుగురని రాయించుకున్నాడు గానీ, షాపులో ఒక్కణ్ణే పెట్టుకున్నాడు, అదీ సగం జీతానికి. హోటల్ గదుల కర్టెన్లన్నీ బెత్తెడు పొట్టిగా వేలాడాయి. హెడ్ టైలర్ అలిగి వెళ్ళిపోతే, బుజ్జగించి తీసుకురావడం ఎలాగో ఎవరికీ తెలియలేదు. హోటలువాళ్ళు సరుకంతా వెనక్కి పంపిస్తామన్న రోజున బాబాయ్ ఆ ఫ్లాట్ బెల్లు కొట్టాడు. కాస్త వచ్చి చూసిపెట్టమని బతిమాలాడు. పిన్ని లోపలికి రమ్మని, మంచినీళ్ళిచ్చి, తన జీతం ఎంతో చెప్పింది. అది నలుగురి జీతం.

"నువ్వు ఒక్కదానివే కదా?"

"నలుగురి పనని రాయించింది మీరే కదా. కోర్టు కూడా ఒప్పుకుంది."

ఇప్పుడు పిన్ని ఆ షాపుకు మేనేజరు. ఆవిడకో అద్దాల గది, వారానికో సెలవు ఉన్నాయి. హెడ్ టైలర్ తిరిగొచ్చాడు. కిటికీలన్నీ ఒంటినిండా గుడ్డతో మర్యాదగా ఉన్నాయి. ఎవరేం అడిగినా మా మేనేజరు గారిని కనుక్కుని చెప్తానని బాబాయ్ ఛాతీ విరుచుకుని మరీ అంటున్నాడు. కలిసి ఉన్నన్నాళ్ళూ కుదరనిది విడిపోగానే కుదిరింది. ఇంకా విడాకులు చెడ్డవంటారా?

మొన్నొక సాయంత్రం షట్టర్ దించే వేళ బాబాయ్ ఆ అద్దాల గదిలోకి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. బయట తిండి పడటం లేదన్నాడు. ఇంట్లో పలకరించే దిక్కు లేదన్నాడు. తన బుద్ధి మారిందని, ఆవిడంటే ఎంతో గౌరవమని, ఒప్పుకుంటే మళ్ళీ పెళ్ళి చేసుకుందామని, నోరారా మీరు మీరు అంటూ అడిగాడు.

పిన్ని మనసు కరగలేదంటే అబద్ధం. ఎంతైనా ఏళ్ళ తరబడి సావాసం. ఒక్క మాట మాత్రం అడిగింది.

"జీతం ఇలాగే ఇస్తారా?"

బాబాయ్ నిజంగానే తెల్లబోయాడు. ఆ ముఖంలో ఏ కపటమూ లేదు.

"అదేంటి? ఇంటి మనిషికి ఎవరైనా జీతం ఇస్తారా?"

పిన్ని బ్యాగు భుజాన తగిలించుకుంది. రేపు తనకు సెలవని గుర్తుచేసి, ఇంటికి వెళ్ళిపోయింది.