చకారం గారి చాటింపు

ఆ ఉదయం చకారం గారు ఒక్కటే అనుకుని నిద్ర లేచారు: ఆఫీసుకు వెళ్ళగానే పెద్దాయన గదిలోకి దూరి, "మీ కుర్చీ నాకివ్వండి" అని అడిగేయాలి. నిఘంటువు ఆఫీసులో ప్రధాన సంపాదకుడైన పెద్దాయనకు ఉద్యోగంలో ఆ రోజే ఆఖరు. ఆ కుర్చీ మీద చకారం గారికి ఏళ్ళ తరబడి ఆశ. అడగడమే చేతకాదు. అడగబోయిన ప్రతిసారీ అసలు మాట గుటకతో పాటు లోపలికి పోయి, "ఏమీ లేదండీ, కిటికీ వేయమంటారా?" అన్నది మాత్రం బయటికొచ్చేది. అన్నట్టు, ఆయన సొంత పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తు లేదు. అక్కడ ఎవరు ఏ అక్షరంతో మొదలయ్యే మాటలు చూస్తే అదే వాళ్ళ పేరు.

ఆయన చేతిలో ఇప్పుడున్న మాట "చాటింపు". దాని పుట్టుక తేలిపోయింది. "చాటు" అనే క్రియలోంచి పుట్టింది. నలుగురికీ తెలిసేలా గొంతెత్తి చెప్పడమని అర్థం. వెనకటికి ఏలినవారి మాటను వీధి వీధినా తిరిగి అరిచేవారు, వినలేదని ఎవరూ తప్పించుకోకుండా. చాటాక చాటినవాడు కూడా వెనక్కి తగ్గడానికి లేదు. ఇదంతా రాసి నిన్ననే పెద్దాయనకు చూపించారు. "ఇంత ధైర్యమైన మాటకు అర్థం రాయడానికి నాకంటే పిరికివాడు దొరకలేదా వీళ్ళకి!" అని తనను చూసి తనే నవ్వుకున్నారు. ఇక మిగిలింది ఉదాహరణ వాక్యం. దానికి పెద్దాయన పెట్టిన నియమం ఒకటుంది: వాక్యాన్ని ముందు గొంతెత్తి అనాలి, నోటికి నప్పితేనే నిఘంటువులోకి ఎక్కించాలి. చకారం గారు గొంతెత్తగలిగిన చోటు లోకంలో ఒక్క స్నానాలగదే.

"ఇందుమూలంగా సమస్త జనులకూ చాటునది ఏమనగా, నేనీ ఉద్యోగానికి ఇవాళే నీళ్ళొదులుతున్నాను!"

బాగుంది. ఇంకోసారి అన్నారు. ఆ పైన బకెట్టు మీద దరువేస్తూ అన్నారు.

తలుపవతల తువ్వాలు పట్టుకుని నిలబడ్డ అత్తగారు, తువ్వాలుతో సహా వంటింట్లోకి పరిగెత్తారు. "కొంప మునిగిందే అమ్మాయీ! అల్లుడుగారు ఉద్యోగం వదిలేస్తున్నారు!"

"నీతో చెప్పారా?"

"నాతో ఎందుకు చెప్తారే! బకెట్టుతో చెప్తున్నారు!"

"నాతో మాటైనా అనకుండానా!" అని భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుని తమ్ముడికి ఫోన్ చేసింది. తమ్ముడు పనిచేసేది ఆ ఆఫీసులోనే, అచ్చు విభాగంలో. బావ ఊరికే ఉద్యోగం మానేశాడంటే తన పరువేం కాను? అందుకని, "మా బావగారికి ఎక్కడో ఇంతకంటే పెద్ద ఉద్యోగం వచ్చిందండీ" అని తనే ఓ మాట కలిపి అందరి చెవినా వేశాడు. ఇక్కడ చకారం గారు తడితలతో బయటికొచ్చి, భార్య ముఖం మాడ్చుకుని ఉండటం చూసి, తప్పు తనదే అయి ఉంటుందనుకున్నారు. ఏం తప్పో అడిగే ధైర్యం లేక టిఫిను కూడా తినకుండా బయటపడ్డారు.

ఆఫీసు హాల్లో అందరూ గుమిగూడి ఉన్నారు. బల్ల మీద కేకు, పూలగుత్తి. పెద్దాయన వీడ్కోలు పొద్దున్నే పెట్టేశారు కాబోలనుకుని వెనక నక్కబోతే, ముందు వరసలోకి లాక్కెళ్ళి కూర్చోబెట్టారు.

"ఇలాంటి మనిషి మళ్ళీ దొరకరు" అని మకారం గారు కళ్ళొత్తుకున్నారు. చకారం గారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

"తన గొప్ప తాను ఏనాడూ చెప్పుకోలేదు" అన్నారు ఇంకెవరో.

"నిజం! నూటికి నూరుపాళ్ళు నిజం!" అన్నారు చకారం గారు. అందరూ ముఖముఖాలు చూసుకున్నారు.

"మీరూ రెండు ముక్కలు చెప్పండి" అంటే లేచి, "ఎంతటివాళ్ళయినా వెళ్ళాల్సినప్పుడు వెళ్ళాలి కదండీ. కొత్తవాళ్ళకి చోటివ్వాలి. ఊరుకోండి, ఏడవకండి" అని అందరినీ ఓదార్చి కూర్చున్నారు.

పెద్దాయన గొంతు సవరించుకున్నారు. "ఈయనుంటే నా కుర్చీ ఈయనకే ఇద్దామనుకున్నాను. మనల్నొదిలి పెద్ద ఉద్యోగానికి పోతున్నారు. కాబట్టి రేపటినుంచి ప్రధాన సంపాదకురాలు మన పకారం గారని మీ అందరి ముందూ ప్రకటిస్తున్నాను" అని పూలగుత్తి తెచ్చి చకారం గారి చేతుల్లో పెట్టారు.

చకారం గారు దిగ్గున లేచారు. ఈసారి గుటక పడలేదు.

"నేనెక్కడికీ పోవట్లేదు! ఎవరన్నారా మాట? ఆ కుర్చీ నాక్కావాలి! ఏళ్ళ తరబడి అడగలేక చస్తున్నాను!"

కిటికీ అద్దాలు గల్లుమన్నాయి. వీధిలో పోయేవాళ్ళు ఆగి లోపలికి తొంగిచూశారు.

"మరి పొద్దున్న ఉద్యోగానికి నీళ్ళొదులుతున్నానని అరిచావట కదా బావా?" అన్నాడు బావమరిది తలుపు చాటునుంచి.

"అది ఉదాహరణ వాక్యంరా నాయనా!"

పెద్దాయన నెత్తి పట్టుకున్నారు. "ఈ ముక్క నిన్న అని ఉండకూడదటయ్యా! ఇప్పుడు పదిమందిలో చాటేశాను. చాటినవాడు వెనక్కి తగ్గడానికి లేదని రాసింది మీరే కదా?"

చకారం గారికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అక్కర్లేని మాట ఊరంతా వింది. కావలసిన మాట ఇవాళ్టిదాకా తన నోరు దాటలేదు. ఎవర్నని ఏం లాభం? "తప్పు నాదేనండీ" అంటూ పూలగుత్తితోనే కూలబడ్డారు.

పకారం గారు మాత్రం ఆయన వంకే కళ్ళార్పకుండా చూస్తున్నారు. "ఇంత గొంతు పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎందుకండీ దాచారు? వచ్చే వారం మన తొలి సంపుటం విడుదల సభ. హాలు పెద్దది. అక్కడ మాట్లాడేది మీరే. కాదనకండి."

కాదనడం కూడా ఆయనకు చేతకాదు. కుర్చీ రాలేదు గానీ, మైకు వచ్చింది.