కుట్ర: మొదటి పాఠం

"ఈ ఊళ్ళో నేరస్థులు ఇంకా హాయిగా తిరుగుతున్నారంటే కారణం ఒక్కటే. నేనింకా వాళ్ళ జోలికి పోలేదు!"

గురువారం పొద్దున్న టీ గ్లాసు చేత్తో పట్టుకుని, వరండాలో నిలబడి డిటెక్టివ్ బావ చేసిన ప్రకటన ఇది. విన్నవాళ్ళు ఇద్దరే. ఒకరు ఆయన భార్య. ఆవిడ బకెట్లో చొక్కాలు పిండుతోంది. రెండో మనిషి ఆవిడ తమ్ముడు, అంటే బావమరిది. అదే ఇంట్లో పై గదిలో ఉంటాడు. కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలు అరగదీసే పని. ఆ పనికే బయల్దేరుతూ రెండో చెప్పు కోసం వెతుక్కుంటున్నాడు.

డిటెక్టివ్ అన్నది బావ తనకు తానే తగిలించుకున్న బిరుదు. బస్సు డిపో వాళ్ళు మాత్రం ఆయన్ని పోయిన సామాన్ల కౌంటరు గుమాస్తా అనే అంటారు. గొడుగు మర్చిపోయిన మనిషి వస్తాడు. "నల్లగొడుగండీ" అంటాడు. బావ అతన్ని నలభై నిమిషాలు నిలదీసి, చెమటలు పట్టించి, చివరికి గొడుగు చేతికిస్తాడు. అదొక కేసు. ఇరవై రెండేళ్ళలో అలాంటివి నాలుగు వేలు ఛేదించానని ఆయనే చెబుతాడు. ఇంకెవరూ చెప్పరు.

"ఈ కాగితం నిన్న మన మెట్ల మీద దొరికింది" అన్నాడు బావ, జేబులోంచి ఒక మడత తీసి.

బావమరిది చెప్పు వెతకడం ఆపాడు. చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి పోయింది. జేబు ఖాళీ.

"గుండె చిక్కబట్టుకోండి, చదువుతున్నాను. 'కుట్ర. మొదటి పాఠం. ముందు మధ్యలోంచి మొదలుపెట్టు. మెడ కానిచ్చెయ్. మెడ అయ్యాక తల సంగతి చూద్దాం. ముడి మాత్రం వెయ్యకు, వేస్తే పైకి కనబడిపోతుంది. మరీ బిగించకు, ఆకారం పాడవుతుంది. కన్ను అన్నిటికన్నా చివర పొడువు. నలుపుతో ఒక్క పోటు చాలు. ఎరుపు అయిపోతే వచ్చి తీసుకెళ్ళు. ఎవరికీ చెప్పనన్నావుగా, నేనూ చెప్పను. శనివారం మూడింటికి రా.'"

"దస్తూరీ బాగుంది" అంది అక్క, చొక్కా దులుపుతూ.

బావమరిది మాత్రం ఖాళీ జేబునే తడుముకుంటున్నాడు. ఎందుకంటే ఆ కాగితం అతనిదే. ఊలు కొట్టు పెద్దావిడ రాసిచ్చింది. ఆవిడ రాసింది 'కుట్టు. మొదటి పాఠం' అని. మీద టీ చుక్క పడి, 'ట్టు' కాస్తా అలుక్కుపోయి 'ట్ర' అయి కూర్చుంది. ఆ మెడ బాతు మెడ.

అసలు సంగతి ఏమిటంటే, అతను సిగరెట్లు మానేసి ముప్పై మూడు రోజులైంది. ఇది ఎనిమిదోసారి మానడం. డాక్టరు ఛాతీ ఫోటో వెలుతురులో పెట్టి, "ఇంకో రెండేళ్ళు ఇలాగే కాల్చు, తర్వాత నాతో పనుండదు" అన్నాడు. మొదటి ఏడుసార్లూ అతను చేసిన తప్పు, ఇంట్లో చెప్పడం. ఏడోసారైతే బావ గేటుకి నల్లబల్ల కట్టి 'ధూమపాన విముక్తి - 2వ రోజు' అని సుద్దతో రాశాడు. పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా ప్రతివాడూ ఆగి చదివి, "ఊఁ, రేపు మూడో రోజా?" అని అడిగాడు. మూడో రోజు పొద్దున్నే బావమరిది వీధి చివర రెండు పెట్టెలు కాల్చేశాడు.

అందుకే ఈసారి నోరు విప్పలేదు. కొత్త కళ్ళజోడు చేయించుకోవడానికి వచ్చిన ఊలు కొట్టు పెద్దావిడ అతని వేళ్ళు కౌంటరుని గోకుతుండటం చూసి, "మానింది నోరు బాబూ. చేతులకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. వాటికేదన్నా పని పెట్టు" అంది. కిటికీ జాలీలా గళ్ళు గళ్ళుగా ఉండే గట్టి గుడ్డ, దాని మీద అచ్చువేసిన ఎర్ర మఫ్లరు బాతు, నాలుగు రంగుల ఊలు, మొన లేని మొద్దు సూది చేతిలో పెట్టింది. ఒక్కో గడికీ ఒక్కో ఏటవాలు కుట్టు. అంతే పని.

అంతే పని అని ఎవరన్నా అంటే నమ్మకండి. మొదటి వారం అతను బారెడు దారం ఎక్కించి, ప్రతి పది కుట్లకీ ఒక చిక్కు తీశాడు. రెండో వారం సగం కుట్లు కుడికీ సగం ఎడమకీ వాలి, బాతు మెడకి పక్షవాతం వచ్చినట్టు తయారైంది. విప్పాడు. మళ్ళీ కుట్టాడు. మళ్ళీ విప్పాడు. కానీ గడులు లెక్కపెడుతున్నంతసేపూ సిగరెట్టు గుర్తు రాలేదు. అది చాలు అతనికి. ఈ సంగతి బావకి తెలిసిందా, గేటుకి బాతు బొమ్మతో సహా బల్ల ఎక్కుతుంది. ఎనిమిదోసారి కూడా గంగలో కలుస్తుంది. తొమ్మిదోసారికి డాక్టరు హామీ ఇవ్వలేదు.

"చంపబోయేది ఎవర్ని బావా?" అన్నాడు బావమరిది.

"నన్నే. ఈ వీధిలో చంపదగ్గ మెడ ఇంకెవరికుంది?"

"ఆ ఒక్క ముక్కా నిజం" అంది అక్క.

"చూశావే, నీ తమ్ముడి మొహం ఎలా పాలిపోయిందో! బావంటే అంత ప్రాణమట్రా నీకు?"

"అవును బావా" అన్నాడు బావమరిది నీరసంగా.

ఆ రోజు నుంచి దర్యాప్తు ఇంటిమీదకొచ్చి పడింది. బావ డిపోకి సెలవు పెట్టి మెట్ల కింద కుర్చీ వేసుక్కూర్చున్నాడు. ఉత్తరాన్ని భూతద్దంలో చూశాడు, వాసన చూశాడు, నాలిక చివరతో రుచి కూడా చూశాడు. "హంతకుడు పొడగరి. ఎడమచేతివాటం. కుడికాలు కుంటుతాడు. చిన్నప్పుడు తల్లి ప్రేమ లేదు" అని తేల్చాడు. పొట్టిగా, కుడిచేతివాటంతో, రెండు కాళ్ళ మీదా సలక్షణంగా నిలబడి, తల్లి గారాబంతో చెడిపోయిన బావమరిది తలాడించాడు.

నవ్వొచ్చే విషయమే, కానీ అతనికి నవ్వు రాలేదు. బావ గంటకోసారి పై గది తలుపు తోసుకుని "క్షేమమేనా?" అని తొంగిచూస్తుంటే బాతుని సంచీలోంచి తియ్యడం ఎలా? రెండు రోజులు కుట్టు లేదు. శుక్రవారం సాయంత్రానికి వేళ్ళు మళ్ళీ కనబడ్డదాన్నల్లా గోకడం మొదలెట్టాయి. కొట్టు నుంచి వస్తూ వస్తూ, తనకి తెలియకుండానే బడ్డీ దగ్గర ఆగి ఒకే ఒక్క సిగరెట్టు కొన్నాడు. వెలిగించలేదు. జేబులో వేసుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికొచ్చేసరికి బావ మెట్ల మీద బోర్లా పడుకుని ఉన్నాడు.

"దొరికిందిరా!" అని అరిచాడు. రెండు వేళ్ళ మధ్య ఎర్రటి ఊలు పోగు. "ఆధారం!"

"ఆ... దారం" అనేశాడు బావమరిది, పట్టుకోలేక.

"అదేగా నేనంటున్నది. ఆధారం!"

"నేనూ అదే అంటున్నాను బావా. ఆ దారం."

"ఒత్తు పలకరా! నలుగురిలో పరువు పోతుంది. ఇది పీక నులిమే తాడులోని పోగు. రక్తంలో ముంచారు."

"రక్తం ఎండితే ఇంత ఎర్రగా ఉండదండీ" అంది అక్క లోపల్నుంచి. ఆవిడ బయటికొచ్చి, రెండు రోజులుగా భూతద్దం కింద నలుగుతున్న ఉత్తరాన్ని తీసుకుని వెనక్కి తిప్పింది. "ఇది ఊలు కొట్టు బిల్లు కాగితం. వెనకాల కొట్టు పేరు అచ్చేసి ఉంది. డిపో ఎదురు సందులో."

బావ కాగితం లాక్కుని అటూ ఇటూ తిప్పాడు.

"ఆ మాట నీ నోటితో చెప్పించాలనే నేను తిప్పలేదు" అన్నాడు బావ.

శనివారం మూడింటికి బావ మారువేషం వేశాడు. వాన లేని రోజున వానకోటు, సందులో నల్లకళ్ళద్దాలు. పథకం కూడా ఆయనే వేశాడు. బావమరిది ఎరగా ముందు లోపలికి వెళ్ళాలి. బావ పక్క తలుపులోంచి దూరి, ఊలు ఉండల అరల వెనక నక్కాలి. "నీ ప్రాణానికి నా ప్రాణం అడ్డు" అన్నాడు. బావమరిది చంకలో సంచీ, సంచీలో బాతు. ఇంట్లో వదిలేస్తే బావ సోదా చేస్తాడన్న భయంతో వెంట తెచ్చుకున్నాడు. లోపలికెళ్ళి పెద్దావిడకి సైగ చేసి నోరు మూయించాలని అతని ఆశ.

ఆశ గుమ్మంలోనే పోయింది.

"రా బాబూ! మెడ అయిందా?" అంది పెద్దావిడ, కొట్టంతా వినబడేలా. ఆవిడ చిన్న చేతి యంత్రం తిప్పుతూ ఆకుపచ్చ ఊలు ఉండ చుడుతోంది.

అతను వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. ఆవిడకి కొత్త కళ్ళజోడు ఇంకా తయారవలేదు.

"ఏంటి, పన్నునొప్పా? సరే, మెడ అయితే ఇవాళ తల కానిచ్చేద్దాం. మొహం మీద కొట్టొచ్చినట్టుండాలి."

"కదిలావంటే కాల్చేస్తా!" అంటూ అరల వెనక నించి బావ దూకాడు. కాల్చడానికి ఆయన చేతిలో ఉన్నది భూతద్దం. పైగా నల్లకళ్ళద్దాల్లోంచి ఏమీ కనబడలేదు. దూకిన మనిషి నేరుగా ఊలు యంత్రం మీద పడ్డాడు. వానకోటు గుండీకి దారం చిక్కింది. విడిపించుకోబోయి ఒక చుట్టు తిరిగాడు. కంగారులో రెండో వైపు తిరగాల్సింది పోయి అదే వైపు ఇంకో మూడు చుట్లు తిరిగాడు. ఆకుపచ్చ ఊలులో నడుందాకా చుట్టుకుపోయి, ఆసరా కోసం బావమరిది సంచీ పట్టుకుని, దానితో సహా కిందపడ్డాడు.

సంచీ నోరు తెరుచుకుంది. గళ్ళ గుడ్డ బావ మొహం మీద పడింది. సంచీ కోసం వంగిన బావమరిది జేబులోంచి సిగరెట్టు జారి, వచ్చి బావ గడ్డం కింద ఆగింది.

"చంపేశారు" అన్నాడు బావ గుడ్డ కింద నించి. "అంతా చీకటి."

"కళ్ళద్దాలు తియ్యి బావా."

తీశాడు. గుడ్డ కూడా తీసి దూరంగా పట్టుకుని చూశాడు. ఎర్ర మఫ్లరు మొదలైన చోట ఆగిపోయిన మెడ, ఇంకా కుట్టని తల.

"ఏంట్రా ఇది?"

"బాతు."

"ఎవరు చేశారు?"

"నేనే." ఇక దాచడానికేమీ మిగల్లేదు కాబట్టి అతను అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. "మానేసి ముప్పై అయిదు రోజులైంది బావా. ఇది కుడుతుంటే మానగలుగుతున్నా. నీకు తెలిస్తే బల్ల కడతావు. బల్ల కడితే నేను కాలుస్తా. మళ్ళీ కాలిస్తే ఇక లాభం లేదన్నాడు డాక్టరు. నాకు భయంగా ఉంది."

బావ సిగరెట్టు వైపు చూశాడు. వాసన చూడలేదు, రుచి చూడలేదు. కొత్తది, వెలిగించనిది అని మామూలు మనుషులు చూసినట్టే చూశాడు.

"ఎప్పుడు కొన్నావు?"

"నిన్న. నువ్వు రెండు రోజులు కుట్టనివ్వలేదుగా."

ఇరవై రెండేళ్ళుగా ఒక్క క్షణం ఖాళీ లేని ఆ నోరు మూతబడింది. పెద్దావిడ కత్తెరతో ఆయన చుట్టూ ఊలు కత్తిరిస్తుంటే కూడా కిక్కురుమనలేదు. చివరికి లేచి, సిగరెట్టు తీసి రెండు ముక్కలు చేసి వానకోటు జేబులో వేసుకుని, "నువ్వు కూర్చో. ఆవిడ తల ఎలాగో చూపిస్తుంది. నేను బయట కాపలా ఉంటా" అన్నాడు.

"దేనికి బావా?"

"ఏమో. అలవాటు."

గంట తర్వాత ఇద్దరూ ఇంటికొచ్చారు. అక్క వరండాలో బట్టలు మడతపెడుతోంది. పక్కింటివాళ్ళు గోడ మీదికి చేరారు. డిటెక్టివ్ శనివారం మూడింటికి కుట్ర ఛేదిస్తాడని పొద్దున్న ఆయనే గోడ మీద నించి చాటించాడు మరి. బావమరిది మెట్ల దగ్గర బిగుసుకుపోయి నిలబడ్డాడు. నాలుగు వేల గొడుగుల తర్వాత బావ నిజంగా తేల్చిన మొట్టమొదటి కేసు ఇది. ఇంతమంది శ్రోతలు. నోరు ఊరుకుంటుందా?

"ఏమండీ, హంతకుడు దొరికాడా?" అంది అక్క.

బావ గొంతు సవరించుకున్నాడు. గోడవైపు చూశాడు, భార్యవైపు చూశాడు. బావమరిది సంచీవైపు మాత్రం చూడలేదు.

"దొరకలేదు."

"అంటే?"

"అంటే ఏముంది? నా వల్ల కాలేదు."

అక్క చేతిలో చొక్కా అలాగే ఆగిపోయింది. "ఏమన్నారూ?"

"నా వల్ల కాలేదన్నాను! ఓడిపోయాను! చెవుడా మీకందరికీ?" అని గోడమీది వాళ్ళని కూడా కలుపుకుని కసిరి, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయాడు. గోడ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. జ్వరమేమోనని అక్క కంగారుగా వెనకాలే పరిగెత్తింది.

బావమరిది పైకెళ్ళి తలుపేసుకున్నాడు. నలభై ఏళ్ళ మగాడు ఏడవకూడదని ఎక్కడా రాసిలేదు కనక కాసేపు ఏడ్చాడు. తర్వాత మొహం కడుక్కుని, కిటికీ దగ్గర కూర్చుని, సూదిలో ఎర్ర ఊలు ఎక్కించి మఫ్లరు మీద పడ్డాడు.