రిషితకు కళ్ళు తిరగవు

శనివారం పొద్దున విశ్వేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా ఉప్మా తినాలి. తొమ్మిదింటికి కూతురు రిషిత మేడమీద గదిలో వీడియోకాల్‌కి కూర్చుంటుంది గనక ఆ గంటసేపూ మిక్సీ, టీవీ, తన గొంతు వినబడకుండా చూసుకోవాలి. పది దాటాక కూరగాయలకు వెళ్ళాలి. ఇంత చిన్న పథకం చెడడానికి సందెక్కడ ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. విశ్వేశ్వరరావు నోటిని ఎరిగినవాళ్ళు మాత్రం అనుకోరు.

ఆయన కెనడాలోని ఏజాక్స్ అనే ఊళ్ళో స్కూలు బస్సు నడుపుతాడు. చీరాల పక్క పల్లెలో ట్రాక్టరు మీద మొదలైన చెయ్యి, మంచులో కూడా వణకదు. వచ్చిన చిక్కల్లా నోటితోనే. ఎదుటివాళ్ళు ఒక ప్రశ్న వేస్తే మూడు జవాబులు చెబుతాడు, మూడోది అప్పటికప్పుడు పుట్టినదై ఉంటుంది.

రిషితకు ఇరవయ్యారేళ్ళు. పక్క ఊళ్ళో ఫ్లయింగ్ స్కూల్లో విమానం నడపడం నేర్పుతోంది. గాలిలో పదిహేను వందల గంటలు పూర్తిచేసింది. ఇక్కడి పెద్ద కంపెనీల ముందు వరస చాంతాడంత. ఆఫ్రికాలో ఒక దేశపు కంపెనీ మాత్రం విమానాలు కొనుక్కుంటూ, కొత్త ఊళ్ళకు దారులు వేసుకుంటూ, నడిపేవాళ్ళు చాలక దేశదేశాలా వెతుకుతోంది. కో-పైలట్‌గా చేరితే నాలుగైదేళ్ళలో కెప్టెన్ కావచ్చు. ఆ విమానాల తోకమీద జిరాఫీ బొమ్మ ఉంటుంది. అసలు పేరు పలకడం కుదరక విశ్వేశ్వరరావు దానికి జిరాఫీ కంపెనీ అని పేరు పెట్టేశాడు.

పరీక్షలూ ఇంటర్వ్యూలూ అయిపోయాయి. మిగిలినవి కాగితాలు. కెనడా లైసెన్సుతో ఆ దేశపు విమానం నేరుగా నడపనివ్వరు. అక్కడి ప్రభుత్వ శాఖ దాన్ని చూసి, ఒప్పుకుంటున్నామని రాసివ్వాలి. దానికి గంటల లెక్క కావాలి, డాక్టరు సర్టిఫికెట్ కావాలి, బంధువులు కాని ఇద్దరు ఈ పిల్లను ఎరుగుదుమని చెప్పాలి. మంగళవారానికి ఫైలు పూర్తి కావాలి. కాకపోతే ఆ సీటు వెనకున్నవాళ్ళకు పోతుంది. మళ్ళీ బ్యాచి ఏడాది తరవాతే.

ఈ సంగతి ఇల్లు దాటి బయటికి పొక్కలేదు. రెండేళ్ళ కిందట కెనడా ఉత్తరాన ఒక చిన్న విమాన కంపెనీ రిషితను రమ్మంటే, విశ్వేశ్వరరావు గుళ్ళో లడ్డూలు పంచాడు. వారం తిరక్కుండా ఆ కంపెనీ కొత్తవాళ్ళను తీసుకోవడమే ఆపేసింది. లడ్డూ తిన్నవాళ్ళలో ఎవరివో రెండు కళ్ళ దిష్టి తగిలిందని ఆయన భార్య దమయంతి తేల్చింది.

"ఈసారి లెటర్ చేతికొచ్చేదాకా మీరు నోరు తెరవొద్దు. అడిగినా చెప్పొద్దు. అర్థమయిందా?" అంది.

నోరు తెరవకుండా ఉండటం ఆయన వల్ల కాదు. అబద్ధం ఆడటమైతే వల్లవుతుంది. పోయిన నెల గుళ్ళో ప్రసాదం వరసలో శ్యామల కలిసింది. ఆవిడ ముప్పై ఏళ్ళు ఫార్మసిస్టుగా చేసి రిటైరైన మనిషి. రిషితను తొమ్మిదేళ్ళప్పటి నుంచీ ఎరుగును.

"రిషిత ఎలా ఉందండీ రావు గారూ? ఇంకా విమానాలేనా?"

"లేదండీ, మానేసింది."

"అయ్యో! అదేవిటీ, ఎందుకూ?"

ఎందుకో ఆయన ఆలోచించి పెట్టుకోలేదు. పులిహోర గిన్నె వైపు చూశాడు. "పైకెళితే కళ్ళు తిరుగుతున్నాయటండీ పాపం. డాక్టరు వద్దన్నాడు," అన్నాడు. దిష్టి ఇక ఆ దరిదాపులకు రాదని సంబరంగా రెండోసారి పులిహోర పెట్టించుకున్నాడు.

ఆయనకు తెలియనిదల్లా ఒకటే. ఆ వారమే రిషిత, తనను ఎరుగుదుమని చెప్పాల్సిన ఇద్దరిలో ఒకరిగా శ్యామల పేరు రాసింది. ముందుగా అడిగితే సంగతి చెప్పాల్సి వస్తుంది, చెప్పొద్దని అమ్మ ఆజ్ఞ. అందుకని అడగకుండానే రాసింది.

తొమ్మిదయింది. విశ్వేశ్వరరావు మేడమెట్ల మీద చప్పుడు చేయకుండా కూర్చున్నాడు. చప్పుడు చేయకపోవడానికి మెట్లకంటే మంచి చోటు లేదని ఆయన వాదన. తలుపు సందులోంచి లోపలి మాటలు వినిపిస్తున్నాయన్నది వేరే విషయం. తెరమీద తెల్ల చొక్కా, భుజాల మీద పట్టీలు, గుండ్రటి కళ్ళజోడు పెట్టుకున్న కెప్టెన్ అకిన్యి ఉంది. జిరాఫీ కంపెనీలో పైలట్ల లైసెన్సుల వ్యవహారం ఆవిడ చేతిలోనే ఉంటుంది.

"రిషితా, ఒక విషయం అడగాలి. మా వెరిఫికేషన్ వాళ్ళు శ్యామల గారితో ఫోన్లో మాట్లాడారు. ఆవిడ నిన్ను చాలా మెచ్చుకున్నారు. పాపం కళ్ళు తిరిగే జబ్బు వల్ల విమానాలు మానేసిందని కూడా చెప్పారు. మెడికల్ ఫారంలో నువ్వది రాయలేదు," అంది ఆవిడ.

రిషిత కుర్చీ తిప్పి తలుపు వైపు చూసింది. మెట్ల కింద నుంచి దమయంతి కూడా చూసింది. ఇద్దరి చూపుల మధ్యా విశ్వేశ్వరరావు ఇరుక్కుపోయాడు.

నిజం చెప్పేస్తే పోయేదేముందనుకుని లోపలికి వెళ్ళి కెమెరా ముందు చేతులు జోడించాడు. "మేడం, నేను ఫాదర్‌ని. మై డాటర్ నో గిడ్డీనెస్. అది నేనాడిన అబద్ధం మేడం," అని తనకొచ్చిన ఇంగ్లీషులో ఒప్పుకున్నాడు.

"మీ అమ్మాయి ఆరోగ్యం గురించి మీరు తప్పుడు సమాచారం ఇచ్చారా?"

"ఓన్లీ ఫర్ ప్రొటెక్షన్, మేడం."

"ఎవరి నుంచి?"

విశ్వేశ్వరరావు ఒక క్షణం ఆలోచించాడు. "శ్యామల గారి నుంచి, మేడం."

కెప్టెన్ ఏదో రాసుకుంది. "అంటే ఆవిడ వల్ల మీ కుటుంబానికి ఏదైనా ముప్పుందా?"

"నాన్నా, ప్లీజ్, స్టాప్ హెల్పింగ్," అంది రిషిత పళ్ళ బిగువున.

అదే సమయానికి కింద కాలింగ్ బెల్ మోగింది. వచ్చినవాడు రెండు వీధుల అవతల ఉండే అమరేశ్వరరావు. పదిమందికీ ఉద్యోగాలు చూసిపెట్టడం ఆయనకు తీరిక వేళల్లో వ్యసనం. చేతిలో ఏవో ఫారాలు పట్టుకుని, దమయంతి అడ్డుపడేలోగా మెట్లెక్కేశాడు.

"ఏవయ్యా రావూ, పిల్లకి కళ్ళు తిరుగుతున్నాయని శ్యామల గారు చెప్పేదాకా నాకు తెలీదే! నేనేమైనా పరాయివాణ్ణా?" అంటూ గదిలోకి వచ్చాడు. తెరమీద తెల్ల చొక్కా, కళ్ళజోడు కనబడ్డాయి. ఆ పిల్ల డాక్టరుతో మాట్లాడుతోందని ఆయనకు ఇట్టే అర్థమైపోయింది. "గుడ్ మార్నింగ్, డాక్టర్! డోంట్ వర్రీ. షీ విల్ నెవర్ ఫ్లై అగైన్. నేలమీద కూర్చుని చేసే ఉద్యోగం నేను చూశాను. పేరోల్ డిపార్ట్‌మెంట్!" అని ఇంగ్లీషులో భరోసా ఇచ్చాడు.

కెప్టెన్ అకిన్యి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "ఈయన ఎవరో నేను అడగను," అంది. "రిషితా, నాకు నువ్వంటే నమ్మకమే. కానీ ఫైల్లో ఉన్న మాట ఫైల్లో ఉంటుంది. నీ డాక్టరు నుంచి కొత్త ఉత్తరం కావాలి. శ్యామల గారు తన మాటను తానే సరిచేస్తూ సంతకంతో రాసివ్వాలి. రెండూ మంగళవారం లోపల రావాలి. మీ నాన్నగారి నుంచి మాత్రం ఏమీ వద్దు."

డాక్టరు ఉత్తరం సోమవారం దొరుకుతుంది. శ్యామల దగ్గరికి మాత్రం అప్పుడే బయల్దేరారు. కార్లో దమయంతి ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో ఆవిడ మాట్లాడకపోతే విశ్వేశ్వరరావుకు అన్నం సహించదు.

శ్యామల తలుపు తీసి రిషితను ముందు కూర్చోబెట్టింది. "అలా నిలబడకమ్మా, తూలుతావు," అని అల్లం కషాయం చేతికిచ్చింది. విశ్వేశ్వరరావు సోఫా అంచున కూర్చుని, లడ్డూల దగ్గర్నుంచి మొదలుపెట్టి ఉన్నదంతా కక్కేశాడు. వింటున్నకొద్దీ ఆవిడ మొహం చిన్నదైపోయింది.

"అంటే, నాది దిష్టి కన్నా రావు గారూ?"

"అయ్యయ్యో, మీ కన్ను కాదండీ. జనరల్‌గా అందరి..."

"మరి ఆ అబద్ధం నాకే చెప్పారుగా? దీనికి స్కూల్లో చలిజ్వరం వస్తే ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టి, కనిపెట్టుకుని ఉన్నవి ఈ కళ్ళేనండీ."

విశ్వేశ్వరరావు తల పైకెత్తలేకపోయాడు. దమయంతి లేచి వెళ్ళి శ్యామల చెయ్యి పట్టుకుంది. "తప్పు నాదే వదినా. నోరు మూసుకోమన్నది నేను. ఆయన మూసుకోలేడని తెలిసి కూడా అన్నాను."

శ్యామల కళ్ళొత్తుకుంది. రిషిత ముందుకు జరిగి, "ఆంటీ, ఐ యామ్ సో సారీ. మీరొక్క లైన్ రాసిస్తే చాలు," అంది.

"రాయనమ్మా."

అందరూ ఉలిక్కిపడ్డారు.

"చూడకుండా రాయను," అంది శ్యామల. "ముప్పై ఏళ్ళు మందుల చీటీలు చూశాను. కళ్ళతో చూడకుండా ఒక్కదాని మీద సంతకం పెట్టలేదు. మీ నాన్న నోటిమాట నమ్మి ఒకసారి చెప్పినందుకే ఇంత అయింది. ఇప్పుడు మళ్ళీ అదే నోరు ఇంకోమాట చెబుతోంది. నన్ను ఎక్కించుకుని తీసుకెళ్ళు. కళ్ళు తిరక్కపోతే, తిరగలేదని రాస్తాను." ఆగి విశ్వేశ్వరరావు వైపు చూసింది. "మీరూ ఎక్కుతున్నారు."

ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది. కూతురికి పైలట్ లైసెన్సు వచ్చి నాలుగేళ్ళయినా ఆయన ఒక్కసారీ ఆ పిల్ల విమానం ఎక్కలేదు. ఒకసారి నడుం నొప్పన్నాడు, ఒకసారి శనివారమన్నాడు. ఆ జవాబులన్నీ ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

ఆదివారం పొద్దున గాలి కాస్త గట్టిగానే ఉంది. రన్‌వే పక్కన మురికి మంచు ఇంకా కుప్పలుగా పడుంది. నాలుగు సీట్ల చిన్న విమానం, తలుపు చూస్తే పాత కారు తలుపులా ఉంది. ముందు ఎడమవైపు రిషిత, పక్కన చేతిలో నోటుపుస్తకంతో శ్యామల. వెనక విశ్వేశ్వరరావు, ఒళ్ళో కాగితం సంచితో. దమయంతి కంచె బయట నిలబడింది. "మీ నాన్నని చూసుకోవే తల్లీ," అని కూతురికి చెప్పింది గానీ, ఆయనకేమీ చెప్పలేదు.

ఇంజను మోగగానే ఆయన కళ్ళు మూసుకున్నాడు. విమానం ఇంకా నేలమీదే ఉంది.

పైకెళ్ళాక సరస్సు మీదుగా రిషిత విమానాన్ని ఒక పక్కకు వంచి చుట్టు తిప్పింది. నీళ్ళు కిటికీ నిండా వచ్చి తిరిగాయి. "అంతేనా? ఇంకొంచెం వంచమ్మా," అంది శ్యామల. రెండోవైపు వంచింది. శ్యామల పుస్తకంలో రాసుకుంది. వెనక కాగితం సంచి వాడకంలోకి వచ్చింది.

చెవుల మీద పెట్టిన హెడ్‌ఫోన్లో విశ్వేశ్వరరావుకు కూతురి గొంతు వినబడుతోంది. కంట్రోల్ టవర్‌తో మాట్లాడుతోంది. తొందర లేదు, బెదురు లేదు, ఒక్క మాట ఎక్కువ లేదు. తన ఇంట్లో పుట్టిన పిల్ల ఇంత తక్కువ మాటలతో ఇంత పని చేయగలదని ఆయనకు ఎన్నడూ తోచలేదు. ఒక కన్ను కొంచెం తెరిచాడు. నీళ్ళు కనబడలేదు, రిషిత చెయ్యి కనబడింది. కోడిపిల్లను పట్టుకున్నంత మెత్తగా పట్టుకుంది విమానం తిప్పే ఆ కర్రని. "నాన్నా, ఓకేనా? ఇంకో ఐదు నిమిషాలే," అంది వెనక్కి చూడకుండానే.

"నాకేం అమ్మా, బ్రహ్మాండం," అన్నాడు విశ్వేశ్వరరావు, ఇంకో సంచి వెతుక్కుంటూ.

ఆ మధ్యాహ్నమే శ్యామల ఉత్తరం రాసి, సంతకం పెట్టి, పంపేముందు అందరికీ చదివి వినిపించింది. దరఖాస్తుదారు గాలిలో నలభై నిమిషాలు విమానం నడపగా పక్కనే కూర్చుని స్వయంగా చూశానని, ఆమెకు కళ్ళు తిరగలేదని, తనకూ తిరగలేదని రాసింది. వెనక కూర్చున్న తండ్రికి మాత్రం విమానం నేలమీద ఉండగానే మొదలై, దిగిన గంట వరకూ తగ్గలేదని, జబ్బు ఉన్నమాట వాస్తవమేగాని పేషెంటు పేరు మారిందని రాసింది.

"ఆ చివరి పేరా అవసరమంటారా?" అన్నాడు విశ్వేశ్వరరావు నీరసంగా.

"పూర్తిగా చెప్పని నిజం వల్లే కదండీ ఇంత వచ్చింది," అంది శ్యామల.

సోమవారం డాక్టరు ఉత్తరమూ వెళ్ళింది. మంగళవారం పొద్దున కెప్టెన్ అకిన్యి జవాబు వచ్చింది. ఫైలు పూర్తయిందని, ప్రభుత్వ శాఖ లైసెన్సును ఒప్పుకుందని, ఆఫర్ లెటర్ జతపరచామని రాసింది. కింద ఒక వాక్యం చేర్చింది. తండ్రిగారిని తాము ఉద్యోగంలోకి తీసుకోవడం లేదు గనక ఆయన ఆరోగ్యం మీద కంపెనీకి అభ్యంతరం లేదట.

దమయంతి మూడురోజుల మౌనం వదిలి మొగుణ్ణి కావలించుకుంది. రిషిత ఏడుస్తూ నవ్వింది. మొదటి ఫోను శ్యామలకే చేశారు. ఆవిడ అవతల ఏడ్చింది. తరవాత విశ్వేశ్వరరావు సాయంత్రం డ్యూటీకి బయల్దేరబోతూ, ఇక ఊరంతా చెప్పుకోవచ్చని ముందుగా అమరేశ్వరరావు నంబరు నొక్కబోయాడు. అంతలో బస్సుల యార్డు నుంచి మేనేజరు ఫోను వచ్చింది.

"మిస్టర్ రావ్, బస్సు తియ్యకండి. కదిలే బండిలో మీకు తీవ్రంగా కళ్ళు తిరుగుతాయని మాకు సమాచారం వచ్చింది. రిటైరైన ఫార్మసిస్టు ఒకావిడ చెప్పారు, చాలా మర్యాదగా చెప్పారు. ఆవిడ మనవడు మీ బస్సులోనే వస్తాడట. డాక్టరు ఉత్తరం తెచ్చేదాకా మీ లైసెన్సు మా దగ్గర పెండింగ్."

ఆయన ఫోను దించుతుండగానే శ్యామల నుంచి మెసేజీ వచ్చింది. "తప్పుగా అనుకోకండి రావు గారూ. ఈసారి కళ్ళారా చూశాకే చెప్పాను."

ఆ విధంగా కూతురి లైసెన్సు ఆఫ్రికాలో చెల్లిన రోజునే, తండ్రి లైసెన్సు ఏజాక్స్‌లో చెల్లడం మానేసింది.