టక్కుమంటే లేచే మోకాళ్లు

ఆ మంగళవారం పొద్దున్న తుగియో వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చెయ్యాలి. నీలిచారల కొలువు కోటు తొడుక్కుని, సైకిలెక్కి దివాణానికి వెళ్లాలి. దొరవారి పుట్టినరోజు కొలువులో టీ పళ్లెం పట్టుకుని, మండపం ఈ చివర నుంచి ఆ చివరికి గొంతుక్కూర్చునే నడవాలి. అది అయ్యాక దొరవారు ఇచ్చే కొత్త పేరు, కొత్త హోదా పుచ్చుకుని ఇంటికి రావాలి. ఇరవై రెండేళ్లు టీలు మోస్తే వచ్చిన పేరు అది. మధ్యలో తూలాడా, ఇక బతికినన్నాళ్లూ గేటు దగ్గర చెప్పులకు కాపలా కాయాల్సిందే.

దొర కూర్చుని ఉండగా కొలువువాడి తల దొర తలకన్నా పైకి లేవకూడదు. జావాలో పుట్టిన పసివాడికైనా ఇది తెలుసు. తుగియో కుడి మోకాలికి మాత్రం ఏడాదిగా ఆ మర్యాద పట్టడం లేదు. గొంతుక్కూర్చుంటే చాలు, లోపల మేకు దిగినట్టుండేది. ఆ సంగతి అతను దివాణంలో ఎవరికీ చెప్పలేదు. మోకాలికి పట్టించిన మందు వాసన బయటపడకుండా పైన మల్లెనూనె రాసుకునేవాడు. వెనక వచ్చే పదకొండు మందీ చక్కగా బాతుల్లా నడుస్తుంటే, వాళ్లలో తనొక్కడే చెడిపోయినవాడిలా సిగ్గుతో చచ్చిపోయేవాడు.

చివరికి భార్య సుమిర పోరు పడలేక పక్కపేట ఆస్పత్రికి వెళ్లాడు. అక్కడ వ్యాయామాలు చేయించే వెనింగ్ అనే అమ్మాయి అతన్ని గచ్చు మీద గొంతుక్కూర్చోబెట్టి నడిపించి చూసింది.

"నొప్పికి భయపడి మీ బుర్ర బరువంతా ఎడమకాలి మీదికి తోసేసింది. కుడి తొడ తన పని మర్చిపోయింది. నొప్పి తగ్గినా ఈ దొంగనడక పోదు. మళ్లీ నేర్పాలి," అంది.

"నాకు యాభై ఎనిమిదేళ్లమ్మా. ఇప్పుడు నడక నేర్పుతావా?"

"మీకు కాదు, మీ తొడకి. అసలు మీ దివాణంలో చెప్పొచ్చుగా, కొన్నాళ్లు వేరే పనిస్తారు."

"మోకాలు నొప్పని చెప్పుకోవడం కన్నా మోకాలు కోయించుకోవడం నయం," అన్నాడు తుగియో.

వెనింగ్ బల్ల మీద కలంతో టక్కుమని కొట్టేది. ఒక టక్కుకు మోకాలు బొటనవేలి పక్క వేలికి సూటిగా ఉంచి నెమ్మదిగా లేవాలి. మరో టక్కుకు అంతే నెమ్మదిగా దిగాలి. రోజుకు మూడు విడతలు చాలని ఆమె చెప్పింది. సుమిర సంగతి తెలిసిందే, పిసరంత చెబితే పీపాడు చేస్తుంది. కూరలు తరిగే చెక్క మీద గరిటెతో కొడుతూ రోజుకు ఎనిమిది విడతలు చేయించింది. నెలరోజులకు తొడ పని నేర్చుకుంది. కాస్త ఎక్కువే నేర్చుకుంది. ఒక సాయంత్రం వీధిలో మాంసం ఉండల చారు అమ్మే బండివాడు చెక్కమీద టక్కుమనిపించగానే అరుగు మీద కూర్చున్న తుగియో లేచి నిలబడ్డాడు. పిలిచాడనుకుని బండివాడు ఆగాడు. మొహమాటానికి రెండు గిన్నెలు కొనాల్సి వచ్చింది.

"చప్పుడు లేకుండా చెయ్యడం ఇంకా నేర్పాలి. కొలువు దాకా ఈ రెండు వారాలూ మానకండి," అని వెనింగ్ గట్టిగానే చెప్పింది. కానీ మర్నాడే ఆస్పత్రి గుమ్మం ముందు దివాణం వంటవాడు ఎదురయ్యాడు. తుగియో పక్కింటాయన్ని చూడ్డానికొచ్చానని బొంకి, చెమటలు పట్టి ఇంటికొచ్చేసి, మళ్లీ ఆ వైపు తొంగిచూడలేదు.

సరే, కొలువు రోజు. ముందు తుగియో, వెనక వరసగా పదకొండు మంది, పళ్లేలతో గొంతుక్కూర్చుని బయల్దేరారు. ముందువాడు ఏం చేస్తే వెనకవాడూ అదే చెయ్యాలన్నది దివాణం కట్టడి. మోకాలు మహారాజులా సహకరిస్తోంది. సగం మండపం దాటేశాడు. అప్పుడే నాట్యగురువు, కాసేపట్లో ఆడాల్సిన పిల్లల కోసం, తన తాళపు చెక్కపెట్టె పలుకుతోందో లేదోనని ఒక్క దెబ్బ వేశాడు.

టక్.

తుగియో లేచాడు. మోకాలు వేలికి సూటిగా, నెమ్మదిగా, నిటారుగా. అతని తల దొరవారి తలకు రెండు మూరలు పైన తేలింది. దిగమని బుర్ర మొత్తుకుంది. తొడ మాత్రం రెండో టక్కు కోసం ఎదురుచూస్తూ నిలబడింది. వెనక పళ్లేలు గలగలలాడాయి. పదకొండు మందీ లేచారు.

నాట్యగురువు చేతిలోని సుత్తి జారి పెట్టె మీద పడింది. పన్నెండు మందీ నెమ్మదిగా దిగారు. ఆయన నమ్మలేక మళ్లీ కొట్టి చూశాడు. మళ్లీ లేచారు. గురువుగారు సైగ చేశారనుకుని వాద్యాలవాళ్లు గంటలు అందుకున్నారు. అతిథులు ఫోన్లు తీసి చప్పట్లు కొట్టారు. తొమ్మిదిసార్లు లేచి, తొమ్మిదిసార్లు దిగి, తుగియో దొరవారి ముందుకు చేరేసరికి టీ ఒక్క చుక్క తొణకలేదు. అతని చెవులు మాత్రం కాలిపోతున్నాయి. భూమి నోరు తెరిస్తే పళ్లెంతో సహా దూరిపోయేవాడు.

"ఇదేమిటి?" అన్నారు దొరవారు.

తుగియో నుదురు నేలకు ఆనించాడు. "దొరా, తప్పంతా నాదే. నా మోకాలు..."

"మోకాలొంచి లేవడం తమ తాతగారి హయాంలో ఉండేది దొరా," అంది వెనక నుంచి ఒక గొంతు. అందరిలోకీ పెద్దవాడు దిర్జో, డెబ్బై ఒకటి దాటినవాడు. "మధ్యలో మరుగున పడింది. తమ పుట్టినరోజని తుగియో మళ్లీ పైకి తీశాడు."

అతిథులందరూ దొరవారి వైపు చూశారు. దొరవారు మీసం సవరించుకున్నారు.

"అవునవును. చిన్నప్పుడు చూసిన గుర్తే," అన్నారు.

అక్కడికక్కడే తుగియోకు 'ప్రాచీన మర్యాదల రక్షకుడు' అని పేరు పెట్టి, పట్టుబట్ట కప్పారు.

వంటింటి వెనక మెట్ల దగ్గర తుగియో తల ఎత్తలేకపోయాడు. "పెద్దాయనా, నన్ను కాయడానికి నీ నోట అబద్ధం పలికించాను. నా వెనక లేచి మీరంతా పరువు పోగొట్టుకున్నారు. ఇప్పుడే వెళ్లి నిజం చెప్పేస్తాను."

"ఏమని చెబుతావ్? నేను అబద్ధాలకోరునని, దొరవారికి లేని జ్ఞాపకాలున్నాయని చెబుతావా? కూర్చో," అన్నాడు దిర్జో. అని తన బాతిక్ పంచె మెల్లగా పైకి లాగాడు. రెండు మోకాళ్లకూ కట్లున్నాయి. "కట్టడి కోసం లేచామనుకున్నావా? ఎవడో ఒకడు ముందు లేస్తే బాగుండునని పదేళ్లుగా చూస్తున్నాంరా."

పక్కవాడు నవ్వుతూ తన పంచె ఎత్తాడు, మందుపట్టీ. ఆ పక్కవాడికీ అంతే. పదకొండు పంచెలు, పద్దెనిమిది చెడ్డ మోకాళ్లు. మల్లెనూనె వాసన గుప్పుమంది. ఏడాదిపాటు తనొక్కడే చెడిపోయాననుకుని కుమిలినందుకు తుగియోకు అంతకు ముందుకన్నా ఎక్కువ సిగ్గేసింది.

ఆ తర్వాత యూనివర్సిటీ నుంచి పండితులు పుస్తకాలు పట్టుకుని వచ్చారు. ఈ మర్యాద ఎన్ని తరాల నాటిదని అడిగినప్పుడల్లా తుగియో తల దించుకుంటాడు, వాళ్లు దాన్ని వినయం అని రాసుకుంటారు. ఆ ప్రాచీన మర్యాదకు వచ్చే నెల ఏడాది నిండుతుంది.