పదకొండో ప్రశ్న

ధనరాజు నోట 'దించు' అన్న మాట వచ్చాక పెనం ఇంకా పొయ్యి మీద ఉండటమనేది ఆ ఊరి గానుగ దగ్గర ఎప్పుడూ జరగలేదు. బెల్లం పాకం చూడటంలో అతనికి అంత పేరు. గరిటెడు పాకం నీళ్ళ చెంబులో వేసి, వేళ్ళతో నొక్కి, కళ్ళు మూసుకుని తీర్పు చెప్పేవాడు. అలా తీర్పులు చెప్పీ చెప్పీ, నలభై మూడో ఏట అతనికి నల్లకోటు మీద మనసు పోయింది.

ఆ మంట ఎగదోసింది అతని బావ దేవీప్రసాద్. అనకాపల్లిలో ఒక ప్లీడరు దగ్గర గుమస్తా. "లా ఎంట్రన్సుకి వయసు అడ్డం కాదు బావా, డిగ్రీ ఉంటే చాలు" అన్నాడు టీ ఊదుకుంటూ.

ధనరాజుకి డిగ్రీ ఉంది. మూడు దండయాత్రల్లో సాధించాడు. చిక్కేమిటంటే భార్య గంగాభవానికీ ఉంది. పెళ్ళయ్యాక ప్రైవేటుగా కట్టి, ఒక్క దండయాత్రలోనే సాధించింది. పైగా దేవీప్రసాద్ ఆవిడకి సొంత అన్న. ఇద్దరిచేతా అప్లికేషన్లు పెట్టించాడు. రెండు హాల్ టిక్కెట్లు వచ్చాయి.

ధనరాజు లాజికల్ రీజనింగ్ అని లావుపాటి పుస్తకం కొని ఇంట్లో సాధన మొదలుపెట్టాడు.

"ఒలే గంగా, విను. అన్ని వంకాయలూ కూరలే. కొన్ని కూరలు మాడతాయి. కాబట్టి?"

"కాబట్టి కబుర్లు ఆపి స్టవ్వు కట్టెయ్. మాడతంది."

"ఆరుగురు ఒక బల్ల మీద కూకున్నారు. అయ్యప్పకి ఎడం పక్కన మోహితు..."

"ఆరుగురే? ఇరిగిపోద్ది. ఇద్దర్ని లెగమను."

ధనరాజు పట్టు వదల్లేదు. "ఇది సూడు. ఒకడు ఒకామెని సూపించి, 'ఈవిడ మా మేనమామ కూతురు' అన్నాడు. ఆవిడ మొగుడు ఆడికేటవుతాడు?"

గంగాభవాని బియ్యంలోంచి తల ఎత్తలేదు. "ఆడే అవుతాడు."

"అదెలాగే? పుస్తకంలో అలాగ లేదు."

"నేను నీ మేనమామ కూతుర్నే కదా. నా మొగుడు నీకేటవుతాడు?"

ధనరాజు వేళ్ళ మీద వరసలు లెక్కపెట్టాడు. ఎటునుంచి ఆలోచించినా తనే అవుతున్నాడు.

అసలు గొడవ తర్వాత వచ్చింది. పరీక్ష ఆదివారం, విశాఖపట్నంలో. ఊరి ఉమ్మడి గానుగ దగ్గర వీళ్ళ వంతు శుక్ర, శని, ఆదివారాలు. వంతు వదులుకుంటే మళ్ళీ వచ్చేసరికి నరికిన చెరకు చీపురుపుల్లలవుతుంది. పాకం చూడటం వచ్చినవాళ్ళు ఆ ఇంట్లో ఇద్దరే. ఆ ఇద్దరే పరీక్షకి వెళ్ళాలి.

"నేనెల్తాను. నల్లకోటు నాకు నప్పుతాది" అన్నాడు ధనరాజు.

"నాకు కోటు కాదయ్యా కావాల. మా పొదుపు సంఘంలో ఆడోళ్ళకి కోర్టు కాగితం వత్తే సదివి సెప్పే దిక్కులేక మూడూళ్ళు తిరుగుతన్నారు. నేను సదివి సెప్తన్నాను గానీ, అందులో ఏటి సెయ్యాలో నాకూ తెల్దు. ఇప్పుడెల్లకపోతే నేనింకెప్పుడూ ఎల్లను."

దేవీప్రసాద్ రాజీ కుదిర్చాడు. అదే పుస్తకం అతని దగ్గర ఇంకోటి ఉంది. మొదటి ఇరవై ప్రశ్నలు ఇద్దరికీ ఇస్తాడు. ఎక్కువ ఎవరికొస్తే వాళ్ళు విశాఖపట్నం, రెండోవాళ్ళు పెనం దగ్గర.

ధనరాజు ఆలోచించాడు. ఇరవై ప్రశ్నలకి బుర్ర అరగదీసుకోవడమెందుకు? తన పుస్తకం చివర జవాబుల పేజీ ఉంది. దాన్ని చింపి, మూడు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచాడు. చేనుకు నీరు పెడుతూ "ఒకటి సి, రెండు బి, మూడు డి" అని వల్లెవేశాడు. రెండు రోజులకి వాళ్ళ గేదె కూడా మూడు దగ్గర తల ఊపేది.

బుధవారం గంగాభవాని ఆ చొక్కా ఉతికి మడతపెట్టింది. ధనరాజు పరుగున వెళ్ళి జేబు తడిమాడు. తీరా చూస్తే కాగితం జేబులోనే ఉంది. తడవలేదు. నాలుగు మడతలు పెట్టి ఉంది. అదృష్టం బాగుందనుకున్నాడు. తర్కం సాధన చేస్తున్నవాడు అక్కడ ఒక్క నిమిషం ఆగి ఉండాల్సింది.

గురువారం సాయంత్రం గంగాభవాని జవాబులు రాసి అన్న చేతిలో పెట్టింది. పదిహేడు సరైనవి. పదకొండోది అసలు రాయనే లేదు.

"అయ్యో, సులువైంది ఒగ్గేసేవేటే!" అని ధనరాజు జాలిపడ్డాడు.

"నీ వంతు రేపు. మా అన్న పెనం దగ్గరే అడుగుతాడు" అంది ఆవిడ.

శుక్రవారం పొద్దున్న మొదటి పెనం మరుగుతోంది. పొయ్యిలో గానుగ పనివాడు సత్తియ్య చెరకు పిప్పి ఎగదోస్తున్నాడు. దేవీప్రసాద్ గట్టు మీద కూర్చుని పుస్తకం తెరిచాడు. ధనరాజు కళ్ళు మూసుకున్నాడు.

"ఒకటి. అన్ని కలాలూ..."

"సి!"

"ప్రశ్న అవనీ బావా."

"బుర్ర పరిగెడతంది, నేనేటి సెయ్యను?"

పది ప్రశ్నలు, పది సరైన జవాబులు. సత్తియ్య పిప్పి వెయ్యడం మరిచి నోరు తెరిచాడు.

"పదకొండు" అంటూ దేవీప్రసాద్ పుస్తకంలోంచి ఒక కాగితం ముక్క తీసి చదివాడు. "నీళ్ళలో వేసిన పాకం ఉండ కడితేనే పెనం దించాలి. వేసిన పాకం నీళ్ళలో కరిగిపోయింది. ఇప్పుడేం చెయ్యాలి? ఎ, పెనం దించెయ్యాలి. బి, ఇంకా..."

"ఎ!"

"బి వినవా?"

"అక్కర్లేదు."

"పెనం దించెయ్యాలి. అంతేనా బావా?"

"ముమ్మాటికీ! దించెయ్యాలి!"

ఆ ఆఖరి మాట సత్తియ్య విన్నాడు. ఇరవై ఏళ్ళుగా వింటున్న గొంతే. "ధనరాజు బాబు దించమన్నాడ్రా!" అని కేకేశాడు. నలుగురు వచ్చి పెనం చెవులు పట్టారు.

"ఆగండ్రా! అది పరీచ్చరా!" అని గంగాభవాని పరిగెత్తుకొచ్చేసరికి పెనంలో పాకమంతా చెక్క తొట్టిలో ఉంది.

ఇంకా పావుగంట మరగాల్సిన పాకం. గట్టిపడుతుందని ఎదురుచూశారు. అది తీరిగ్గా తొట్టి పగుల్లోంచి బయటికొచ్చి, దేవీప్రసాద్ చెప్పులు పట్టుకుని, పుస్తకాన్ని కింద అట్టతో సహా నేలకి అతికించింది. కబురు తెలిసి ఊళ్ళో ఆడవాళ్ళు చెంబులతో వచ్చారు, దిబ్బరొట్టెల్లోకి బాగుంటుందని. వచ్చిన ప్రతివాళ్ళూ చెంబు ముంచే ముందు అడిగారు: "పాకం ఎవులు సూసేరు?"

ధనరాజు నీళ్ళ చెంబులోకి చూస్తూ నిలబడ్డాడు.

గంగాభవాని పక్కకొచ్చి నిలబడింది. "ఆ పదకొండోది నేను రాసిచ్చిందే. పాకం తెలిసినోడు ఎవుడైనా బి అంటాడు. నీ జేబులో కాగితం బట్టీ పట్టినోడే ఎ అంటాడు. నువ్వు ఎ అన్నావు. కాబట్టి?"

"నువ్వూ సూసేవు కదే ఆ కాగితం!"

"సూసేను. మళ్ళీ మడతెట్టబోతే పదకొండో జవాబొక్కటీ కళ్ళబడింది. అందుకే నా కాగితంలో అది రాయలేదు."

ధనరాజు తన బతుకులో మొదటిసారి పుస్తకం లేకుండా తర్కం తేల్చాడు. "కాబట్టి ఆదివారం పెనం దగ్గర నేనుంటాను."

ఆదివారం గంగాభవాని మొదటి బస్సుకి వెళ్ళింది. ధనరాజు పాకం నీళ్ళలో వేసి, నొక్కి, ఈసారి కళ్ళు తెరుచుకునే "దించండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. సత్తియ్య వచ్చి తనూ చెంబులో చెయ్యిపెట్టి, ఉండ పట్టి చూసి, అప్పుడు చెయ్యి ఊపాడు. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ లేదు ఆ సంగతి.

దిమ్మలు రాయిలా కట్టాయి. చూపిద్దామంటే గానుగ దగ్గర మనిషి లేడు. బస్సు దిగిన గంగాభవాని చుట్టూ సంఘం ఆడవాళ్ళంతా మూగి, పేపరు ఎలా రాసిందో అడుగుతున్నారు. ఆవిడ వాళ్ళని దాటుకుని గానుగ దగ్గరికొచ్చింది.

"ఏటయ్యా, పాకం కుదిరిందా?"

"కుదిరింది" అన్నాడు ధనరాజు, చేతులు తుడుచుకుంటూ. "ఏ కాగితం సూడకుండానే దించేను."