పులిహోర లాక్ ఎవరిది?

నా బుర్ర నాది కాదు. ఈ మాట బాధతో చెప్పడం లేదు, గర్వంగా చెబుతున్నాను. ఆఫర్ లెటర్ వచ్చిన రోజే దాన్ని మా కంపెనీకి రాసిచ్చేశాను.

ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను ఏది కనిపెట్టినా, ఇంట్లో కనిపెట్టినా, స్నానం చేస్తూ కనిపెట్టినా, అది కంపెనీ సొత్తేనని కాంట్రాక్టులో ఉంది. మొత్తం ముప్పై ఎనిమిది పేజీలు. నేను చదివింది మాత్రం ఒక్క లైను, వీసా స్పాన్సర్ చేస్తామన్నది. మిగతాది కూడా చదివి సంతకం పెట్టిన తెలుగువాణ్ణి మేముండే ఈ అమెరికా ఊరు కాపెల్‌లో ఒక్కణ్ణి చూపించండి, వాడికి నా చేతుల్తో బిర్యానీ వండి పెడతాను.

ఇందులో ఎంత సుఖముందో ఆలోచించారా? మీరు ఆలోచించొచ్చు లెండి. నేను ఆలోచిస్తే అది వాళ్లకు పోతుంది. పెళ్లిరోజు మర్చిపోయానని మా ఆవిడ చంద్రిక నిలదీస్తే, "నా బుర్ర కంపెనీది, వాళ్లనే అడుగు" అంటాను. వాళ్లను అడగదు, నాకు పడుకోవడానికి సోఫా చూపిస్తుంది. అయినా సిద్ధాంతం సిద్ధాంతమే!

ఇంత హాయిగా ఉన్నవాడి మీదికి పులిహోర వచ్చి పడింది.

మా దగ్గర పాట్‌లక్ అంటే తలా ఒక ట్రే తెచ్చుకుని కలిసి తినడం. పోయిన ఉగాదికి పదకొండు కుటుంబాలు వచ్చాం. తొమ్మిది ట్రేలు పులిహోర. పదోది నిమ్మకాయ పులిహోర, వెరైటీగా ఉంటుందని తెచ్చారట. పదకొండోవాళ్లు పేపర్ ప్లేట్లు తెచ్చారు.

తిరిగొస్తుంటే కార్లో మా పదేళ్ల అంకిత అంది, "నాన్నా, ఫస్ట్ ఏ ఆంటీ పులిహోర అని టైప్ చేస్తే వాళ్లకే. దెన్ ఇట్ షుడ్ లాక్." ఒకరు పులిహోర అని రాశాక ఇంకొకరు రాయలేకుండా, రెండు వీకెండ్లు కూర్చుని నేను యాప్ రాశాను. పులిహోర లాక్ అని పేరు కూడా అదే పెట్టింది. స్కూల్లో ఇన్వెన్షన్ ఫెయిర్‌లో చూపిస్తానని టీచర్‌కి చెప్పేసింది.

అంతలో ఆఫీసులో ఏటా నింపే ఫారం వచ్చింది. ఖాళీ సమయంలో ఏమైనా కనిపెట్టారా అని అడిగారు. అడిగితే ఊరుకుంటామా? "పులిహోర లాక్. పూర్తిగా నా సొంత ఆలోచన" అని రాశాను. ప్రమోషన్‌కి పనికొస్తుందని ఆశ.

మూడో రోజే హెచ్.ఆర్. నుంచి మెయిల్. కంగ్రాచ్యులేషన్స్, అది మాది. అనుమతి లేకుండా బయటెక్కడా చూపించరాదు. ఫెయిర్ ఈ శుక్రవారమే. అంకిత అప్పటికే చార్టు మీద పులిహోర బొమ్మ గీసి, దానికి పసుపు రంగు వేసేసింది.

గొడవ పెట్టుకోవచ్చుగా అంటారేమో. నేను హెచ్1బి వీసా మీదున్నాను మహాప్రభో! ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదంటే దేశం వదలాలి. అందుకని కంపెనీ దయను పొగుడుకుంటూ పక్కింటికెళ్లాను.

పక్కింటావిడ ప్రొఫెసర్ ఫర్జానే. ఇరాన్ నుంచి వచ్చి ఇక్కడ లా స్కూల్లో పాఠాలు చెబుతారు. ఉద్యోగి ఆలోచన ఎవరి సొత్తు అన్నదాని మీదే పెద్ద పుస్తకం రాశారు. అందులో నాకు పనికొచ్చే నాలుగు పేజీలు కాపీ ఇమ్మన్నాను.

"ఇవ్వకూడదు. హక్కులన్నీ పబ్లిషర్‌వి" అన్నారు టీ పోస్తూ.

"సంతకం పెట్టేముందు మీరూ చదవలేదా?"

"పుస్తకం వేస్తామన్న లైను చదివాను."

ఆ క్షణాన ఆవిడ నాకు సొంత అక్కలా కనిపించారు.

తర్వాత నా కాంట్రాక్టు ముప్పై ఎనిమిది పేజీలూ ఓపిగ్గా చదివారు. కళ్లజోడు తీసి, "మీరు రాసిన కోడ్ సంగతి వదిలేయండి, దాని మీద పోట్లాడటం కష్టం. అసలు ఈ ఆలోచన ఎవరిది?" అని అడిగారు.

"మా అమ్మాయిది."

"ఆ అమ్మాయి ఈ కాంట్రాక్టు మీద సంతకం పెట్టిందా?"

"పదేళ్ల పిల్లండీ."

"మరి ఫారంలో మీ సొంత ఆలోచన అని ఎవరు రాశారు?"

టీ చాలా బాగుందన్నాను. ఆవిడ ఆ మాట పట్టించుకోలేదు.

ఇంటికొచ్చి హెచ్.ఆర్.కి మెయిల్ కొట్టాను. కోడ్ నాది, అంటే మీదే. ఆలోచన మాత్రం మా అంకితది, ఫారంలో నేను రాసింది తప్పు. పంపేటప్పుడు నిజంగానే భయమేసింది. జవాబు ఇంకా రాలేదు.

అంకితను కూర్చోబెట్టి అంతా చెప్పాను. యాప్ లేకపోతే ఏం, అట్టపెట్టె, చీటీలు, చిన్న తాళం చాలంది. హమ్మయ్య అనుకుని లేవబోయాను.

"కంపెనీకి నేను ఎవరో తెలీదు. నీకు తెలుసు కదా నాన్నా. నీ నేమ్ ఎందుకు రాశావ్?"

సిగ్గేసింది.

కంపెనీ గొప్పతనం మళ్లీ చెబుతున్నాను, వినండి. నా ఆలోచనలు తీసుకునే ముందు వాళ్లు ముప్పై ఎనిమిది పేజీలు చేతికిచ్చి సంతకం అడిగారు. మా అమ్మాయి దగ్గర నేను ఆ పాటి మర్యాద కూడా పాటించలేదు.

శుక్రవారం ఆ పెట్టె మీద ఇన్వెంటర్ అంకిత అని ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో, హెల్పర్, నాన్న. దీనికి నేను ఒప్పుకుంటున్నట్టు కాగితం రాసి నా చేత సంతకం పెట్టించుకుంది.

ఈసారి మొత్తం చదివి పెట్టాను.